పాల కేంద్రంలో రెండు తెరలు - దేని పని దానిదే!

బల్క్ కూలర్ ఉన్న పాల కేంద్రాల్లో సాధారణంగా రెండు తెరలు కనిపిస్తాయి. బల్ల మీద ఉన్నది మామూలు కంప్యూటర్. మీ పాల తూకం, వెన్న శాతం, రావలసిన డబ్బు లెక్కగట్టి చీటీ ఇచ్చేది అదే. కూలర్ పక్క పెట్టెకు బిగించిన చిన్న తెర రెండోది. ఇదీ కంప్యూటరేనా అని మీకు అనుమానం వచ్చే ఉంటుంది.

లోపలి సరుకు ఒక్కటే

ఔను, వేలితో తాకి నడిపే తెర అయితే దాదాపు కంప్యూటరే. దాంట్లోనూ ప్రాసెసర్, మెమరీ ఉంటాయి. కొన్నిటిలో విండోస్, కొన్నిటిలో లినక్స్ నడుస్తాయి. తేడా కట్టుబడిలో ఉంది. దుమ్ము, తడి, వేడి ఉన్నచోట ఏళ్ల తరబడి పనిచేయాలి కదా! అందుకే చాలావాటికి ఫ్యాను ఉండదు, ముందువైపు నీళ్లు చొరకుండా రబ్బరు పట్టీ ఉంటుంది. ఎక్కువ రకాలు 24 వోల్టుల డి.సి. కరెంటుతో నడుస్తాయి.

నడిపేది తెర కాదు

తెర వెనుక పెట్టెలో పి.ఎల్.సి. అనే కంట్రోలర్ వేరుగా ఉంటుంది. 1960ల చివర్లో అమెరికా కార్ల ఫ్యాక్టరీల్లో రిలేల బదులు వాడటానికి వచ్చిన పరికరమిది. ట్యాంకులోని సెన్సార్ చెప్పే ఉష్ణోగ్రతను బట్టి కంప్రెసర్‌ను ఆన్, ఆఫ్ చేసేది ఇదే. తెర దాని మాట మీకు చూపిస్తుంది, మీరు నొక్కింది దానికి చేరవేస్తుంది, అంతే. కాబట్టి తెర ఆరినంత మాత్రాన కూలింగ్ ఆగిందని కంగారుపడవద్దు. అయితే తెర, కంట్రోలర్ ఒకే పెట్టెలో ఉండే రకాలూ ఉన్నాయి. మీది ఏ రకమో మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి.

కంప్యూటర్‌తోనే నడిపితే?

సాఫ్ట్‌వేర్ వేస్తే మామూలు కంప్యూటరూ ఈ తెర పని చేస్తుంది. కానీ దానికి వైరస్ బెడద ఎక్కువ. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వైరస్ పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా పాకింది. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రంలో యంత్రాలను చెడగొడుతూ, తెర మీద మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టు చూపించింది. తెర మీది అంకెను గుడ్డిగా నమ్మకూడదనడానికి ఇదే సాక్ష్యం. వైరస్ లేకున్నా సెన్సార్ చెడితే అంకె తప్పుతుంది.

సంఘం సభ్యులు అడగవలసినవి

* పాలు 4 డిగ్రీలకు చల్లబడ్డాయో లేదో రోజూ చేతి థర్మామీటరుతో కూడా చూస్తున్నారా?
* తెర పాడైతే కంప్రెసర్‌ను చేత్తో నడిపే స్విచ్ ఉందా?
* పాస్‌వర్డ్, ప్రోగ్రామ్ నకలు సంఘం దగ్గర ఉన్నాయా? లేకుంటే ప్రతి చిన్న రిపేరుకూ కంపెనీ మనిషి కోసం కాచుకోవాలి. కొనేటప్పుడే రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.
* సినిమాలు, పాటలు ఉన్న పెన్‌డ్రైవ్‌లను ఆ కంప్యూటర్‌కు పెట్టనివ్వకుండా చూస్తున్నారా?

చీటీ ఇచ్చే కంప్యూటర్ ఆగితే ఆ పూట లెక్క పుస్తకంలో రాసుకోవచ్చు. కూలర్ ఆగితే ట్యాంకు పాలు పులిసిపోతాయి. ఆ నష్టం ఒక్కరిది కాదు, రెండు లీటర్లు పోసిన రైతుది కూడా.