కోన్ వంగే చోట

స్పీకర్ డబ్బా మీద 'కెవ్లార్', 'కార్బన్ ఫైబర్' లాంటి పేర్లు కనిపిస్తే ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. అవి స్పీకర్ కోన్‌ను తయారుచేసే పదార్థాల పేర్లు. వాటిని చూసి కొనేముందు కోన్ చేసే పనేమిటో తెలుసుకోవడం మంచిది.

స్పీకర్‌లోని తీగచుట్ట (వాయిస్ కాయిల్) కరెంటుతో కదిలినప్పుడు దానికి అతికించిన కోన్ మొత్తం ఒక్క ముక్కలా కదిలి గాలిని నెట్టాలి. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఏ పదార్థమైనా ఇంచుమించు అలాగే కదులుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ మధ్యభాగం ముందుకు వెళ్లినా అంచు ఇంకా వెనకే ఉండిపోతుంది, కోన్ అలలుగా వంగుతుంది. దీన్ని 'బ్రేకప్' అంటారు. పదార్థం అసలు స్వభావం ఇక్కడే బయటపడుతుంది.

అల్యూమినియం గట్టిది కాబట్టి బ్రేకప్ ఆలస్యంగా వస్తుంది. వచ్చిందంటే మాత్రం కంచు పళ్లెంలా మోగుతుంది. అందుకే ఆ ఫ్రీక్వెన్సీలు కోన్‌కు చేరకముందే క్రాసోవర్ (ఫ్రీక్వెన్సీలను వేరుచేసే సర్క్యూట్) వాటిని గట్టిగా అణచాలి. కాగితం ముందే వంగుతుంది, కానీ దాని నారలు కంపనాన్ని తమలోనే ఇంకించుకుంటాయి. గిటార్ ఆంప్లిఫయర్లలో ఇప్పటికీ కాగితానిదే రాజ్యం. అక్కడ బ్రేకప్ లోపం కాదు, అదే కోరుకున్న ధ్వని.

కాగితంతో ఇబ్బంది వేరే చోట ఉంది. తేమ పీలుస్తుంది, ఒక్కో విడతలో ఒక్కోలా తయారవుతుంది. స్టూడియోలో పనికి ఏ స్పీకరైనా ఒకేలా పలకాలి. అందుకే 1960ల్లో బీబీసీ ఇంజనీర్లు బెక్స్‌ట్రీన్ అనే ప్లాస్టిక్‌కు మారారు. అది మోగకుండా పైన జిగురులాంటి పూత పూయాల్సి వచ్చింది. దాంతో బరువు పెరిగి, అదే కరెంటుకు వచ్చే శబ్దం తగ్గింది. బీబీసీలో పనిచేసిన డడ్లీ హార్వుడ్ పాలీప్రొపిలీన్ కోన్ రూపొందించి, 1977లో హార్బెత్ సంస్థను మొదలుపెట్టారు. ఈ కోన్‌కు పూత అక్కర్లేదు, దానికి జిగురు అంటుకోవడమే కష్టం. నీళ్లకు భయపడదు కనుక కారు తలుపుల్లోనూ బాగా స్థిరపడింది.

ఇక కెవ్లార్. స్పీకర్ల సంస్థ బవర్స్ అండ్ విల్కిన్స్ దశాబ్దాల పాటు కెవ్లార్‌తో నేసిన పసుపు కోన్‌నే తన గుర్తుగా చేసుకుంది. 2015లో తన పై శ్రేణి స్పీకర్లలో దాన్ని పక్కనపెట్టి కాంటినమ్ అనే మరో నేతకు మారింది.

నా లెక్కలో మంచి క్రాసోవర్ ఉన్న కాగితం స్పీకర్, అశ్రద్ధగా కట్టిన లోహపు స్పీకర్ కంటే మేలు. కొనేటప్పుడు బాగా తెలిసిన గాయని పాట పెట్టించండి. గొంతు పైస్థాయికి వెళ్లినప్పుడు కరుకుగా, రేకు శబ్దంలా మారితే, డబ్బా మీద ఏ పేరున్నా సరే, ఆ ధర పెట్టకండి.