యానాం పురపాలక సంఘము: చరిత్రయు, ప్రజాసేవలును

గౌతమీ గోదావరినుండి కోరంగి యేరు చీలునట్టి తావున యానాం పట్టణము నెలకొనియున్నది. దీని విస్తీర్ణము సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కలనుబట్టి ఇందలి జనసంఖ్య 55,626. నలుదెసలను ఆంధ్రప్రదేశ్ భూములే. మాట తెలుగు, పంట తెలుగునేలది, చుట్టరికములన్నియు కాకినాడ, రామచంద్రపురము, అమలాపురము ప్రాంతములతోనే. అయినను ప్రభుత్వపు ఆజ్ఞ వచ్చుట మాత్రము ఎనిమిదివందల కిలోమీటర్లకు మించిన దూరమున నున్న పుదుచ్చేరినుండి.

ఇట్టి ఊరికి పురపాలక సంఘము కేవలము వీధిదీపములు వెలిగించు సంస్థ కాదు. రాజధాని దూరమై, అచటి ప్రధానభాష వేరై యున్న ప్రజలకు తమ మాటలో తమ కష్టము చెప్పుకొనుటకు అందుబాటులో నున్న మొదటి గడప అదియే. పుదుచ్చేరి శాసనసభలో ఎన్నికైన సభ్యులు ముప్పదిమంది. వారిలో యానామునకు ఒక్కరే ప్రతినిధి. యానామువారు పలువురు కూర్చుండి యానాం సంగతులను మాత్రమే చర్చింపదగిన సభ పురపాలక సభ తప్ప వేరొకటి లేదు. ఆ సభ ఎట్లు పుట్టినదో, ఏ పనులు దాని క్రిందికి వచ్చునో, అది లేని కాలమున ప్రజలకు కలిగిన లోటు ఏమో వివరించుట ఈ వ్యాసోద్దేశము.

ఫ్రెంచి కాలపు కొమ్యూను

ఫ్రెంచివారు 18వ శతాబ్దపు పూర్వార్ధమున యానామున వర్తకస్థానము నేర్పరచుకొనిరి. ఆంగ్లేయులతో జరిగిన యుద్ధములలో ఊరు పలుమారులు చేతులు మారి, 19వ శతాబ్దపు రెండవ దశకమున స్థిరముగా ఫ్రెంచివారి వశమయ్యెను. 1839 నవంబరులో సముద్రము పొంగి కోరంగితోపాటు యానామును గూడ ముంచివేసెను. ఆనాటినుండి నేటివరకు నీటి భయము ఈ ఊరి పరిపాలనను వదలలేదు.

స్థానిక స్వపరిపాలనకు పునాది 1880 మార్చి 12వ తేదీనాటి ఫ్రెంచి ప్రభుత్వ శాసనము. దానివలన ఫ్రెంచి ఇండియా సీమ కొమ్యూనులుగా విభజింపబడెను. 1907లో వీని సంఖ్య పదునేడయ్యెను: పుదుచ్చేరియందు ఎనిమిది, కారైకాలునందు ఆరు, చందర్‌నగరు, మాహే, యానాములకు ఒక్కొక్కటి. చిన్నదైనను యానాము తనకై తానొక కొమ్యూనుగా నిలిచినది. ప్రతి కొమ్యూనునకు ఎన్నికైన సభ్యుల సంఘమొకటి, దానికి పెద్దగా మేయరు ఉండిరి. పురపాలక భవనమును ఫ్రెంచి భాషలో మేరీ అందురు.

అయితే ఆనాటి ఎన్నికలు నేటివలె సమానములు కావు. ఐరోపీయులకొక జాబితా, దేశీయులకు వేరొక జాబితా ఉండెను. పిడికెడుమంది ఐరోపీయుల జాబితాకు వారి సంఖ్యకు మించిన బలము లభించెడిది. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఈ భేదము తొలగి, వయోజనులందరికిని ఓటుహక్కు కలిగెను.

జనన, వివాహ, మరణముల నమోదు

ఫ్రెంచి పద్ధతిలో మేయరునకు రెండు బాధ్యతలుండెను. అతడు ఊరి ప్రతినిధి. అదే సమయమున ప్రజల జనన, వివాహ, మరణములను అధికారముతో నమోదు చేయు ఉద్యోగి. కావున పురపాలక కార్యాలయపు పుస్తకములే కుటుంబముల చరిత్రకు మూలాధారములైనవి.

ఈ వేరు పరిపాలనవలన ఒక విపరీతము గూడ కలిగెను. 1929లో బ్రిటిషు ఇండియాయందు బాల్యవివాహ నిరోధక చట్టము, అనగా శారదా చట్టము, అంగీకృతమై 1930 ఏప్రిలునుండి అమలునకు వచ్చెను. ఫ్రెంచి భూమికి అది వర్తింపదు. పరిసర జిల్లాలవారు పెండ్లిబృందములతో యానామునకు తరలివచ్చి చిన్నపిల్లల వివాహములు జరిపించుకొని పోవుచుండిరి. ఊరికి కల్యాణపురమను పేరు ఈ కారణమున వచ్చినదందురు. పేరు మంగళకరమైనను వెనుకనున్న కథ అట్టిది కాదు. సరిహద్దు గీతకు ఇరువైపుల రెండు చట్టములున్నచో ప్రజలు తమకు అనుకూలమైన దానిని వెదకుకొందురనుటకు ఇది తార్కాణము.

ఆ నమోదు పుస్తకముల విలువ తరువాతి కాలమున మరింత తెలియవచ్చినది. 1956 మే 28వ తేదీనాటి భారత ఫ్రెంచి సంధి ప్రకారము, ఆ సీమలలో పుట్టి అచటనే నివసించువారు భారత పౌరులగుదురు. కోరినవారు సంధి అమలునకు వచ్చిన ఆరు నెలలలోపల వ్రాతపూర్వకముగా తెలిపి ఫ్రెంచి పౌరసత్వమును నిలుపుకొనవచ్చును. సంధి 1962 ఆగస్టు 16వ తేదీన అమలునకు వచ్చెను. ఎవరు ఎచట పుట్టిరను ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవి మేరీయందలి పుస్తకములే.

విలీనమున పురపాలక సభ్యుల పాత్ర

ఫ్రెంచి ఇండియా భవిష్యత్తు నిర్ణయమునందు పురపాలక సంఘములకు ఉన్నత స్థానము లభించినది. 1948లో భారత, ఫ్రెంచి ప్రభుత్వములు ప్రజాభిప్రాయమును తెలిసికొన నిశ్చయించినపుడు, ఆ పద్ధతిని ప్రతిపాదించు పనిని పురపాలక సంఘములకే అప్పగించినవి. యానాము 1954 జూన్ 13వ తేదీన దడాల రఫేల్ రమణయ్యగారు మున్నగువారి నాయకత్వమున ఫ్రెంచి పాలననుండి విడివడెను. అదే యేట అక్టోబరు 18వ తేదీన పుదుచ్చేరి సమీపమున గల కీళూరు గ్రామమున ప్రతినిధి సభ సభ్యులును, పురపాలక సభ్యులును సమావేశమైరి. ఓటు చేసిన 178 మందిలో 170 మంది భారతదేశమున విలీనమును కోరిరి. నవంబరు 1వ తేదీన పరిపాలన భారత ప్రభుత్వమునకు దక్కెను.

పైని చెప్పిన సంధిలో రెండవ అధికరణము మిక్కిలి గమనింపదగినది. ఈ సీమలకు పూర్వముండిన ప్రత్యేక పరిపాలనా ప్రతిపత్తి నిలిచియుండుననియు, దానిని మార్పదలచినచో ప్రజల కోరికను తెలిసికొని మార్పవలయుననియు అందు కలదు. చుట్టును ఆంధ్రదేశమే యున్నను యానాము అందు కలియక వేరుగా నుండుటకు ఈ హామీయే ఆధారము.

ఇప్పటి చట్టము

విలీనమైన తరువాత గూడ కొంతకాలము ఫ్రెంచి శాసనముల ననుసరించియే స్థానిక పాలన సాగినది. 1968లో జరిగిన ఎన్నికలు ఆ పాత పద్ధతివే. 1973లో పుదుచ్చేరి శాసనసభ పురపాలక సంఘములకొక చట్టమును, గ్రామ, కొమ్యూను పంచాయతీలకు వేరొక చట్టమును చేసెను. ఇవి 1974 జనవరి 26వ తేదీనుండి అమలునకు వచ్చెను. యానాము పురపాలక సంఘమైనది. పుదుచ్చేరి, ఉళవర్‌కరై, కారైకాల్, మాహే, యానాం అను ఐదింటిలో తెలుగు పలుకునది ఇదొక్కటియే. పట్టణముతోపాటు కనకాలపేట, మెట్టకూరు, అడవిపొలం, దరియాలతిప్ప మున్నగు పల్లెలును దీని పరిధిలోనివే.

ఏ పనికి ఏ కార్యాలయము

యానాములో ప్రభుత్వము రెండు రూపముల గానవచ్చును. ఒకటి పుదుచ్చేరి ప్రభుత్వ శాఖలు. వీనిని స్థానికముగా పరిపాలనాధికారి సమన్వయపరచును. రెండవది పురపాలక సంఘము. ఈ భేదము తెలియనివారు ఒక కార్యాలయమునుండి మరొక కార్యాలయమునకు తిరిగి విసుగుచెందుట కలదు.

వీధుల పరిశుభ్రత, మురుగుకాలువలు, చెత్త తొలగింపు, సంత, శ్మశానము, వీధిదీపములు, ఇంటిపన్ను, వర్తకపు లైసెన్సులు, జనన మరణముల నమోదు ఇవి పురపాలక సంఘపు పనులు. భూమి కొలతలు, హక్కు పత్రములు రెవెన్యూ శాఖవి. త్రాగునీటి సరఫరా ప్రజాపనుల శాఖది. బియ్యపు కార్డులు పౌరసరఫరాల శాఖవి. బడులు విద్యాశాఖవి, యానాం బడులు చిరకాలము ఆంధ్రప్రదేశ్ పాఠ్యప్రణాళికను, పరీక్షలను అనుసరించుచు వచ్చినవి.

జనన మరణముల విషయమున 1969 నాటి కేంద్ర చట్టము దేశమంతటను వర్తించును. సంఘటన జరిగిన 21 దినములలోపల తెలిపినచో రుసుము లేదు. ఆపైన 30 దినములవరకు ఆలస్యపు రుసుముతో నమోదు చేయుదురు. అటుపిమ్మట సంవత్సరములోపల అధికారి వ్రాతపూర్వకమైన అనుమతియు, సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువును కావలయును. 2023 సవరణ ప్రకారము ఆ యేటి అక్టోబరు 1వ తేదీన గాని, తరువాత గాని పుట్టిన బిడ్డలకు బడి ప్రవేశము, ఓటర్ల జాబితా మున్నగు వానికి పుట్టిన తేదీని, స్థలమును రుజువు చేయునది జనన ధ్రువపత్రమే. కావున బిడ్డ పేరు వ్రాయించుటలో జాగు తగదు.

భాషా విషయము

1965 నాటి పుదుచ్చేరి అధికారభాషా చట్టము తమిళమును ప్రధానముగా నంగీకరించుచు, మాహేయందు మలయాళమును, యానామునందు తెలుగును అధికార వ్యవహారములకు వాడుటకు అవకాశము కల్పించినది. ఇది గొప్ప సౌకర్యమే. కాని పుదుచ్చేరినుండి వచ్చు ఉత్తరువులు ఆంగ్లమున నుండును. సామాన్యునకు అవి అందవు. వానిని తెలుగున విడమరచి చెప్పువాడు వార్డు సభ్యుడు. ఇంటిపన్ను ఎందులకు పెరిగినది, వరదసాయపు జాబితాలో ఎవరి పేరు విడిచిపోయినది అను ప్రశ్నలకు గడపవద్దనే బదులు చెప్పగలవాడు అతడు.

1986 ఆగస్టు గోదావరి వరదయు, 1996 నవంబరు తుపానును, 2022 జూలై వరదయు యానామును బాధించినవి. అట్టి వేళలందు ఏ వీధి ముందు మునుగునో, ఏ ఇంట ముసలివారున్నారో దూరదేశపు కార్యాలయమునకు తెలియదు, వీధివారికే తెలియును.

ఎన్నికలు లేని కాలము

1968 తరువాత పుదుచ్చేరి సీమయందు స్థానిక సంస్థలకు మరల ఎన్నికలు జరిగినది 2006లో. నడుమ ముప్పదియెనిమిదేండ్లు గడచినవి. ఒక తరము పుట్టి, పెరిగి, బిడ్డలను కనుటకు చాలిన కాలమది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘములకు ఐదేండ్ల గడువు విధించి, అది తీరులోపల ఎన్నికలు జరుపవలయునని నిర్దేశించినది. స్త్రీలకు మూడవవంతు స్థానములను ప్రత్యేకించినది. ఈ నియమములు కేంద్రపాలిత ప్రాంతములకును వర్తించును. అయినను 2006లో ఎన్నికైన సభల గడువు 2011లో తీరిన పిమ్మట పదేండ్లు దాటినను ఎన్నికలు జరుగలేదు. 2021లో ప్రకటన వెలువడినను స్థానముల కేటాయింపు విషయమున వివాదము న్యాయస్థానమునకెక్కి ఎన్నికలు నిలిచిపోయినవి.

సభ లేని కాలమున దాని అధికారములను ప్రభుత్వోద్యోగులు నిర్వహించుదురు. పనులు ఆగవు, చెత్త తీయుదురు, దీపములు వెలుగును, ధ్రువపత్రములు లభించును. కాని ఏ కాలువ ముందు త్రవ్వవలయును, ఏ పల్లెకు ముందు బాట వేయవలయును అను నిర్ణయము ప్రజల యెదుట, ప్రజల భాషలో, బహిరంగముగా చర్చకు రాదు. ఉద్యోగి సమర్థుడైనచో ఊరు బాగుపడవచ్చును. కాని అతడు బదిలీయై పోవును. ఓటు వేసినవానికి జవాబు చెప్పవలసిన భారము అతనికి లేదు. ఒకే శాసనసభ్యునిపై ఊరి భారమంతయు పడుటయు, చిన్న కాలువ మరమ్మతునకును రాజధానివైపు చూడవలసివచ్చుటయు దీని ఫలితములు.

ఇతర ప్రాంతముల తెలుగువారికి

యానాం తెలుగువారు తమ ఊర అధికసంఖ్యాకులు. బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురములలోని తెలుగువారి స్థితి వేరు. వారు తమ రాష్ట్రములందు భాషాల్పసంఖ్యాకులు. అయినను స్థానిక సంస్థయే వారికిని మొదటి గడప. రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము కష్టనివారణకై పెట్టుకొను అర్జీని ఆ రాష్ట్రమునగాని కేంద్రమునగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను సమర్పింపవచ్చును. 1956లో చేర్చబడిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నించు బాధ్యతను రాష్ట్రములతోపాటు స్థానిక సంస్థలపైని గూడ మోపినది. పురపాలక ప్రాంతమున ఒక భాషవారు నూటికి 15 నుండి 20 మంది వరకున్నచో ముఖ్య ప్రకటనలను, నియమములను వారి భాషలో గూడ ప్రకటించుట మంచిదని ఆ యేటనే కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు సూచించినది. ఇది శాసనము కాదు, అంగీకృతమైన రక్షణ మాత్రమే. అడుగువారున్నచోటనే ఇట్టివి ఫలించును. 350-బి అధికరణము క్రింద నియమింపబడు భాషాల్పసంఖ్యాక వర్గముల కమిషనరునకు ఫిర్యాదు చేయు మార్గమును కలదు.

తెలుగు మాటాడుటకు అవకాశముండుట వేరు, తెలుగున నిర్ణయము చేసికొను సభ యుండుట వేరు. యానామునకు మొదటిది చట్టముచేత లభించినది; రెండవది 1880 నుండి పరిచితమైనదే అయినను దీర్ఘకాలములు మూతపడుచు వచ్చినది. ఎన్నికలు సకాలమున జరుగవలయునని కోరుట ఏ పక్షమువారి పనియు కాదు. అది ఊరివారందరి పని. ఓటర్ల జాబితాలో పేరు సరిచూచుకొనుట, బిడ్డల పుట్టుకను వేళకు వ్రాయించుట, అర్జీని తెలుగున వ్రాసి రసీదు పుచ్చుకొనుట నేడే చేయదగిన చిన్న పనులు. ఇట్టి అలవాట్లు గల ఊరిలో సభ మరల కూడిననాడు దానిని నడుపగలవారు సిద్ధముగా నుందురు.