సగటు వాన చెప్పని సంగతి

లెక్కలంటే భయపడి జాగ్రఫీ తీసుకున్నదాన్ని నేను. మ్యాపులకు రంగులేసుకుంటూ గట్టెక్కేయొచ్చనుకున్నా. తీరా ఎం.ఏ.లో చేరితే స్టాటిస్టిక్స్ పేపరు! మొదటిసారి తప్పాను. "నీకెందుకమ్మా ఈ తంటాలు?" అన్నారు ఒక మేష్టారు. చదువు మానేద్దామనే ఇంటికొచ్చాను.

మాది అనంతపురం జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ మాటే అంటే, విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తున్న అమ్మ నవ్వింది. "ఆ సగటు వాన ఏ ఏడు పడిందే?" అంది.

కాగితం తీసుకుని రెండు ఊళ్లు ఊహించుకున్నా. ఒకచోట మూడేళ్ల వాన 540, 550, 560. ఇంకోచోట 300, 550, 800. రెండింటి సగటూ 550యే! సగటుకీ ఒక్కో ఏడాది వానకీ ఉన్న తేడాల్ని వర్గం చేసి, వాటి సగటుకి వర్గమూలం కట్టాను. స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఇంతే. మొదటి ఊరికి 8, రెండో ఊరికి 204 వచ్చింది. అమ్మ భయమంతా ఆ 204లో కనిపించింది నాకు.

మళ్లీ రాసి పాసయ్యాను (మార్కులు అడక్కండి!). ఇప్పటికీ పేపర్లో 'సాధారణ వర్షపాతం' అన్న వార్త కనబడితే, అదంతా ఎన్ని రోజుల్లో కురిసిందోనని చివరిదాకా వెతుకుతాను.