లినక్స్ చరవాణిలో మొండి కంటైనర్ల తొలగింపు: క్షేత్రపరిశోధకుల దత్తాంశభద్రత దృష్ట్యా ఒక వివరణ

వ్యాససంగ్రహం

ఉబుంటు టచ్ వంటి లినక్స్ చరవాణులలో డెస్క్‌టాప్ అనువర్తనాల కోసం సృష్టించుకొన్న లిబర్టైన్ కంటైనర్లు కొన్ని సందర్భాలలో తొలగింపు ఆదేశానికి లొంగవు. వాటి జాబితాకూ, నిల్వలో ఉన్న అసలు సంచయాలకూ పొంతన తప్పడమే దీనికి ప్రధానకారణం. బలవంతపు తొలగింపులో పరిశోధకుడి సొంత ధ్వనిముద్రణలు నశించే ప్రమాదం ఎక్కడ పొంచి ఉన్నదో, ఏ క్రమంలో తొలగిస్తే దానిని నివారించవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఉబుంటు టచ్, లిబర్టైన్, కంటైనర్, బైండ్ మౌంట్, క్షేత్రదత్తాంశం, మౌఖికసాహిత్యం.

1. ఉపోద్ఘాతం

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం (2007), మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం (2008) ఏర్పడిన తరువాత దక్షిణ తెలంగాణ మౌఖికసాహిత్యంపై పరిశోధించదలచిన వారికి ఉన్నతవిద్య చేరువైంది. ఒకనాడు టేపురికార్డరు చేసిన పనిని ఇప్పుడు చరవాణి చేస్తున్నది. పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో దర్శనం మొగిలయ్య ద్వారా పద్మశ్రీ గౌరవం దక్కిన సంగతి విదితమే. అటువంటి వాద్యాన్ని, దానితో పాడే కథను ముద్రించుకొన్న ఫైలు పోతే తిరిగి అదే గొంతు, అదే పాఠం లభిస్తుందన్న హామీ లేదు. కనుక చరవాణిలో చెత్త తొలగించడమనే చిన్న పని పరిశోధకుడికి చిన్న పని కాదు.

ఉబుంటు టచ్ మన కళాశాలల్లో విరివిగా కనిపించే వ్యవస్థ కాదు. అయినా తెలుగులో గ్నూ/లినక్స్ పంపిణీని రూపొందించిన ‘స్వేచ్ఛ’ వంటి సంస్థల కృషివల్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ భావన మనకు కొత్తది కాదు. చరవాణిలో కూడా దానినే వాడదలచిన వారికి అందుబాటులో ఉన్న మార్గాలలో ఉబుంటు టచ్ ఒకటి. కెనానికల్ సంస్థ దీనిని 2013లో ప్రకటించింది. 2015లో తొలి చరవాణి విపణిలోకి వచ్చింది. 2017 ఏప్రిల్‌లో ఆ సంస్థ తప్పుకోగా యూబీపోర్ట్స్ సముదాయం దానిని కొనసాగిస్తున్నది.

2. కంటైనర్ నివసించే మూడు చోట్లు

ఉబుంటు టచ్‌లో మూల ఫైలువ్యవస్థ చదవడానికి మాత్రమే తెరచి ఉంటుంది. లిబ్రేఆఫీస్ వంటి డెస్క్‌టాప్ అనువర్తనాన్ని అందులో నేరుగా స్థాపించుకోవడం పద్ధతి కాదు. అందుకే లిబర్టైన్ అనే ఉపకరణం వేరొక చిన్న ఉబుంటును కంటైనర్‌గా నిర్మిస్తుంది. కెర్నల్ చరవాణిదే, గ్రంథాలయాలు, అమరికలు, అనువర్తనాలు మాత్రం కంటైనర్‌వి.

ఇలా నిర్మించిన కంటైనర్ ఒక్కచోట ఉండదు. దాని మూలవృక్షం హోమ్‌లో దాగి ఉండే ‘డాట్ క్యాష్’ సంచయంలోని ‘లిబర్టైన్-కంటైనర్’ కింద, ఆ కంటైనర్ గుర్తింపుపేరుతో ఉంటుంది. వినియోగదారు దత్తాంశం ‘డాట్ లోకల్’, ‘షేర్’ మార్గంలో మరొక ‘లిబర్టైన్-కంటైనర్’ సంచయంలోని ‘యూజర్-డేటా’ కింద ఉంటుంది. ఏయే కంటైనర్లు ఉన్నాయో, వాటి స్థితి ఏమిటో తెలిపే జాబితా అదే ‘షేర్’ మార్గంలోని ‘లిబర్టైన్’ సంచయంలో ‘కంటైనర్స్‌కాన్ఫిగ్’ అనే జేసన్ ఫైలుగా ఉంటుంది.

భూమి తగాదాలు తెలిసిన పాలమూరు, నల్లగొండ పాఠకులకు ఇది సులువుగా బోధపడుతుంది. జాబితా పహాణీ వంటిది. మూలవృక్షం మోకా మీద ఉన్న భూమి. పహాణీలో పేరుండి భూమి లేకపోవచ్చు, భూమి ఉండి పేరు లేకపోవచ్చు. (2020లో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమ్‌ను వదిలివేయడంతో రెండవ రకం చిక్కు ఎంత పెరిగిందో ఇక్కడ చర్చనీయం కాదు.)

3. మొండితనానికి కారణాలు

కంటైనర్ నిర్మాణానికి పెద్దమొత్తంలో ప్యాకేజీలు దిగుమతి కావాలి. నల్లమల అంచుల్లో సంకేతం తెగిపోయినా, నిల్వ నిండిపోయినా నిర్మాణం మధ్యలో ఆగుతుంది. అప్పుడు జాబితాలో ‘స్థాపన జరుగుతున్నది’ అన్న స్థితి అలాగే నిలిచిపోవచ్చు. తొలగింపు మధ్యలో ఆగినా అంతే. అనువర్తనాల పట్టికలో పేరు కనిపిస్తుంది, తెరుచుకోదు, పోదు.

ఇందుకు విపర్యయంగా జాబితా ఖాళీగా ఉండి వృక్షం మిగిలిపోవచ్చు. దానిని చేతితో తొలగించబోతే ‘అనుమతి లేదు’ అనే సమాధానం రావచ్చు. ఎల్ఎక్స్‌సీ తరహా కంటైనర్లలో లోపలి వాడుకరుల సంఖ్యలు బయట వేరొక శ్రేణికి మార్చబడతాయి. లోపల సున్నా సంఖ్య గల రూట్, బయట లక్షకు పైబడిన ఏదో సంఖ్యగా కనిపించవచ్చు. ఉబుంటు టచ్ వాడుకరి ‘ఫాబ్లెట్’ సంఖ్య 32011. కాబట్టి తన హోమ్‌లోనే ఉన్న ఫైళ్లు తనవి కాకుండా పోతాయి. ఆండ్రాయిడ్ అనువర్తనాలకై వాడే వేడ్రాయిడ్‌లోనూ హోమ్‌లోని కొన్ని ఫైళ్లు వాడుకరివి కాకుండా ఉండవచ్చు.

4. అసలు ప్రమాదం

ఈ దశలో చాలామంది సూడోతో బలవంతపు తొలగింపుకు పూనుకొంటారు. ఆగవలసినది ఇక్కడే. కంటైనర్ లోపలి అనువర్తనాలకు పరిశోధకుడి పత్రాలు, సంగీతం, చిత్రాలు అందుబాటులో ఉండాలంటే ఆ సంచయాలను లోపలికి చూపాలి. అందుకు వాడే పద్ధతులలో బైండ్ మౌంట్ ఒకటి. ఇది ప్రతి కాదు, సత్వరమార్గమూ కాదు. అదే సంచయం రెండు చోట్ల ప్రత్యక్షం కావడం. సింబాలిక్ లింకును తొలగిస్తే లింకే పోతుంది. బైండ్ మౌంట్ సజీవంగా ఉండగా దాని కింద ఉన్నవన్నీ తొలగిస్తే అసలు ధ్వనిముద్రణలే పోతాయి.

‘ఒకే ఫైలువ్యవస్థకు పరిమితం కావాలి’ అనే ఐచ్ఛికం తొలగింపు ఆదేశానికి ఉన్నది కదా అనవచ్చు. అది ఇక్కడ అక్కరకు రాదు. ఆ ఐచ్ఛికం పరికరసంఖ్యను మాత్రమే పోల్చి చూస్తుంది. పత్రాల సంచయం, కంటైనర్ వృక్షం రెండూ ఒకే విభాగంలో ఉన్నప్పుడు బైండ్ మౌంట్‌కూ అదే పరికరసంఖ్య ఉంటుంది. సరిహద్దు దాటినట్లు ఆదేశానికి తెలియనే తెలియదు.

కంటైనర్ తన ప్రత్యేక నామావరణంలో చేసుకొన్న మౌంట్లు మాత్రం బయటి టెర్మినల్‌కు కనబడవు. అక్కడినుంచి నడిచే తొలగింపు ఆదేశమూ వాటిలోకి ప్రవేశించదు. కనుక పరీక్షించవలసినది తొలగింపు జరపబోయే టెర్మినల్‌లో కనిపించే మౌంట్లనే. ‘ఫైండ్‌మౌంట్’ ఆదేశం వాటిని చూపుతుంది.

5. తొలగింపు క్రమం

ముద్రణలను ముందుగా వేరొక కంప్యూటరుకు ప్రతి తీసుకొని, ప్రతిలోని ఫైలును తెరచి విని చూడాలి. ఆ తరువాత లిబర్టైన్ కంటైనర్ మేనేజర్‌కే ‘డిస్ట్రాయ్’ ఉపాదేశాన్ని గుర్తింపుపేరుతో ఇవ్వాలి. తెరపై కనిపించే పేరు, గుర్తింపుపేరు ఒకటి కాకపోవచ్చు. ‘లిస్ట్’ ఉపాదేశంతో సరిచూసుకోవాలి.

అది విఫలమైతే వెంటనే తొలగించక, క్యాష్‌లోని ఆ కంటైనర్ సంచయం పేరు మార్చి చరవాణిని పునఃప్రారంభించడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. పై సంచయం ఫాబ్లెట్‌దే కాబట్టి పేరుమార్పుకు సాధారణంగా సూడో అవసరం రాదు. పునఃప్రారంభంతో తాత్కాలిక మౌంట్లు తొలగిపోతాయి. పాత పేరు లేనందున ఏ సేవా దానిని మళ్లీ లేపలేదు. నడుస్తున్న ప్రక్రియ పట్టుకొని ఉన్న ఫైళ్ల స్థలమూ విడుదలవుతుంది. అప్పుడు ఫైండ్‌మౌంట్‌తో చూచి, ఆ మార్గం కింద ఏమీ లేదని నిర్ధారించుకొన్న తరువాతనే సూడోతో వృక్షాన్ని తొలగించాలి. మార్గాన్ని పూర్తిగా టైపు చేయాలి, నక్షత్రగుర్తు వాడరాదు. యూజర్-డేటా సంచయాన్ని విడిగా తెరచి చూడాలి. కంటైనర్‌లోని లిబ్రేఆఫీస్‌లో రాసిన లిప్యంతరీకరణ అక్కడే నిలిచి ఉండవచ్చు.

జాబితాను చివరకు సవరించాలి. ముందే పేరు కొట్టివేస్తే మేనేజర్‌ను మళ్లీ అడిగే అవకాశం పోతుంది. జేసన్ ఫైలుకు ప్రతి తీసి, ఆ కంటైనర్‌కు చెందిన కుండలీకరణ భాగాన్ని మాత్రమే తీసివేయాలి. భాగం పోయినచోట కామా మిగిలితే ఫైలు మొత్తం చదవరానిదవుతుంది, మంచి కంటైనర్లు కూడా కనబడకుండా పోతాయి. అప్రమేయ కంటైనర్‌గా తొలగించినదాని పేరే ఉంటే దానినీ మార్చాలి. మరొకసారి పునఃప్రారంభించి ‘లిస్ట్’ ఇస్తే పాత పేరు ఉండదు.

వేడ్రాయిడ్ విషయంలో క్రమం ఇదే, చోట్లు వేరు: ప్రతిబింబాలు ‘వార్’, ‘లిబ్’ మార్గంలోని వేడ్రాయిడ్ సంచయంలోను, వాడుకరి దత్తాంశం హోమ్‌లోని ‘డాట్ లోకల్’, ‘షేర్’ కింద అదే పేరుగల సంచయంలోను ఉంటాయి. తొలగింపుకు ముందు వేడ్రాయిడ్ సెషన్‌ను, దాని కంటైనర్ సేవను రెండింటినీ నిలిపివేయాలి.