అండమాన్ తీరంలో దొరికిన ప్రమాదకర ఈస్ట్: దాన్ని గుర్తుపట్టడం ఎందుకంత కష్టం?

అండమాన్ దీవుల్లోని ఒక ఇసుక తీరంలోనూ, మనుషుల అలికిడి లేని ఒక ఉప్పు చిత్తడి నేలలోనూ ‘కాండిడా ఆరిస్’ అనే ఈస్ట్ ఉన్నట్లు 2021 మార్చిలో ఒక పరిశోధన పత్రం వెల్లడించింది. ఐసీయూల్లో రోగుల రక్తంలో చేరి ప్రాణాల మీదికి తెచ్చే ఈ శిలీంధ్రం ఆసుపత్రుల వెలుపల, ప్రకృతిలో కనిపించడం అదే తొలిసారి. ఢిల్లీ విశ్వవిద్యాలయ పరిధిలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డాక్టర్ అనురాధా చౌధరి బృందం, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలతో కలిసి ఈ అధ్యయనం చేసింది. ఎనిమిది చోట్ల నుంచి 48 మట్టి, సముద్రజల నమూనాలు సేకరించగా, రెండు చోట్ల మాత్రమే ఇది దొరికింది.

దొరికినది కాండిడా ఆరిస్ అని ఎలా తేల్చారు? ఈ ప్రశ్న పరిశోధకులకే పరిమితం కాదు. ఐసీయూలో ఉన్న రోగికి ఏ మందు ఎక్కించాలన్నది దీని జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

కల్లును పులియబెట్టేదీ, రొట్టెను పొంగించేదీ ఈస్టే. వ్యాధికారక ఈస్టులు కూడా సూక్ష్మదర్శినిలో ఇంచుమించు అలాగే, గుడ్డు ఆకారపు చిన్న కణాలుగా కనిపిస్తాయి. ఆకారం చూసి పేరు చెప్పడం అసాధ్యం. అందుకే ప్రయోగశాలలు వాటి ప్రవర్తనను పరీక్షిస్తాయి. మనిషి రక్తం నుంచి తీసిన సీరంలో 37 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు మూడు గంటలు ఉంచితే, తరచుగా కనిపించే కాండిడా ఆల్బికన్స్ సన్నని మొలక వేస్తుంది. కాండిడా ఆరిస్ వేయదు. రంగులు వచ్చే ప్రత్యేక పోషక మాధ్యమంపై పెంచితే ఆల్బికన్స్ ఆకుపచ్చగా, ట్రాపికాలిస్ నీలంగా కనిపిస్తాయి. ఆరిస్ మాత్రం తెలుపు నుంచి లేత గులాబీ వరకు ఏ రంగులోనైనా రావచ్చు, అలాంటి రంగు మరికొన్ని జాతులకూ ఉంది.

తరువాతి మెట్టు జీవరసాయన పరీక్ష. ఏ చక్కెరను వాడుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అని చూసి యంత్రమే జాతి పేరు చెబుతుంది. చిక్కు వచ్చింది ఇక్కడే. ఆరిస్‌ను 2009లో జపాన్ శాస్త్రవేత్తలు కొత్త జాతిగా వర్ణించారు. టోక్యోలో ఒక వృద్ధురాలి చెవి నుంచి దాన్ని సేకరించారు, లాటిన్‌లో ‘ఆరిస్’ అంటే చెవి. యంత్రం తన జాబితాలో ఉన్న పేర్లలోంచే ఒకటి చెప్పగలదు. జాబితాలో లేని ఆరిస్‌కు ‘కాండిడా హీమ్యులోనీ’ అనో, ‘కాండిడా సాకే’ అనో దగ్గరి పేరు తగిలించేది. 2009-2011 మధ్య ఢిల్లీలోని రెండు ఆసుపత్రుల్లో 12 మంది రోగుల నుంచి సేకరించిన ఈస్టుల విషయంలో జరిగింది ఇదే. అసలు పేరు జన్యుక్రమం చదివాకే తెలిసింది.

పేరు మారితే నష్టమేమిటని అనిపించవచ్చు. ఆరిస్‌లో అత్యధిక భాగం ఫ్లుకొనజోల్‌కు లొంగదు. చాలా సందర్భాల్లో వైద్యులు ముందుగా ఎకినోకాండిన్ తరగతి మందుల వైపు వెళ్లవలసి ఉంటుంది. పైగా ఇది మంచాల మీద, పరికరాల మీద రోజుల తరబడి బతుకుతుంది, ఒక రోగి నుంచి మరొకరికి పాకుతుంది. సంక్లిష్ట కేసులను దీవుల నుంచి చెన్నై వంటి నగరాలకు తరలించడం మామూలే. సరైన పేరు లేకుండా రోగి వెళితే, వార్డులో తీసుకోవలసిన జాగ్రత్తలు కూడా ఆలస్యమవుతాయి.

ఇప్పుడు పెద్ద ప్రయోగశాలలు మాల్డీ-టాఫ్ అనే పద్ధతిపై ఆధారపడుతున్నాయి. పెరిగిన ఈస్ట్‌ను లోహపు పలకపై పూసి, ఒక రసాయనం కలిపి, లేజర్ కాంతితో కొడతారు. ప్రొటీన్లు ఆవేశం పొంది గాలి లేని గొట్టంలో దూసుకుపోతాయి. తేలికైనవి ముందు, బరువైనవి వెనుక చేరతాయి. ఆ కాలాల పట్టిక ఒక్కో జాతికి ఒక్కో వేలిముద్ర వంటిది. నిమిషాల్లో ఫలితం వస్తుంది. అయితే దీనికీ పాత యంత్రాల పరిమితే ఉంది: పోల్చిచూసే సమాచార నిధిలో ఆరిస్ నమూనాలు ఉండాలి. సందేహం తీరకపోతే రైబోసోమ్ జన్యువుల్లోని నిర్దిష్ట భాగాలను చదవడమే తుది మార్గం.

అన్ని ఆసుపత్రులకూ ఈ యంత్రాలు అందుబాటులో ఉండవు. ఖరీదు తక్కువైన ఆధారాలు కూడా కొన్ని ఉన్నాయి. ఆరిస్ 42 డిగ్రీల వద్ద పెరుగుతుంది, హీమ్యులోనీ పెరగదు. 10 శాతం ఉప్పు కలిపిన ద్రవంలో, 40 డిగ్రీల వేడిలో కూడా ఆరిస్ నిలదొక్కుకుంటుంది. చాలా ఇతర ఈస్టులు అక్కడే ఆగిపోతాయి. వేరుచేసే పనికి ఈ లక్షణం బాగా ఉపయోగపడుతోంది. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు మూడున్నర శాతమే. దీన్నిబట్టి తీరంలో ఈ ఈస్ట్ కనిపించడం అంత వింతగా తోచదు.

అండమాన్ నమూనాల జన్యుక్రమాన్ని పూర్తిగా చదివినప్పుడు, అవి దక్షిణాసియా ఆసుపత్రుల్లో కనిపించే వర్గానికే చెందినవని తేలింది. జనసంచారమున్న తీరంలో దొరికినవన్నీ ఒకటికి మించిన మందులకు లొంగనివి. చిత్తడి నేలలో దొరికిన రెండింటిలో ఒకటి మాత్రం మందులకు లొంగింది, అధిక వేడి వద్ద మిగతావాటికన్నా నెమ్మదిగా పెరిగింది. భూతాపం వల్ల వేడికి అలవాటుపడిన ఈస్టులు మనిషి శరీరంలో బతకగలుగుతున్నాయన్న ప్రతిపాదన 2019 నుంచే చర్చలో ఉంది. ఆ వాదనను బలపరిచేవారు ఈ నెమ్మదైన ఈస్ట్‌ను తరచు ఉదహరిస్తారు. అయితే తీరంలోని ఈస్టులను సముద్రం మనకిచ్చిందా, మనుషులే అక్కడ వదిలారా అన్నది ఎనిమిది చోట్ల తీసిన నమూనాలతో తేలే విషయం కాదు.