జ్వరంతో సెలవులకి ఊరెళ్తున్నారా? ఒక్క నిమిషం ఆగండి

డెంగ్యూ, చికున్‌గున్యా లేని ఊరికి ఆ జబ్బు ఎలా వస్తుంది? దోమ మోసుకొస్తుంది అంటారు చాలామంది. కానీ వీటిని వ్యాపింపజేసే ఏడిస్ దోమ సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటి వెళ్లదు. వైరస్‌ని అంత దూరం మోసుకెళ్లేది మనమే.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఇటలీ. 2007 జూన్‌లో కేరళ నుంచి వెళ్లిన ఒకాయన, కాస్తిలియోనే ది చేర్వియా అనే చిన్న ఊళ్లో బంధువుల్ని చూడటానికి వెళ్లారు. అక్కడే ఆయనకి జ్వరం వచ్చింది. ఏడిస్ జాతిలోదే అయిన టైగర్ దోమ అప్పటికే ఆ ఊళ్లో ఉంది. పాత టైర్లలో గుడ్లుగా ఇటలీ చేరిన దోమ అది. ఆయన రక్తంలోని చికున్‌గున్యా వైరస్ ఆ దోమలకి, వాటి నుంచి ఊరి జనానికి అంటుకుంది. ఆ వేసవి అయ్యేసరికి బాధితులు 200 దాటారు. ఒక వృద్ధుడు చనిపోయారు. యూరప్‌లో చికున్‌గున్యా లోకల్‌గా వ్యాపించడం అదే మొదటిసారి.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. దసరా సెలవులొచ్చేది వానల తర్వాత, డెంగ్యూ సీజన్‌లోనే. హైదరాబాద్‌లో డెంగ్యూ అంటుకున్న వాళ్ల రక్తంలో, జ్వరానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి దాదాపు ఐదు రోజుల తర్వాత వరకు వైరస్ ఉంటుంది. ఆ టైంలో ఊళ్లో దోమ కుడితే, సుమారు 8 నుంచి 12 రోజుల్లో అది వేరేవాళ్లకి అంటించగలదు. మీరు తిరిగొచ్చేస్తారు, జబ్బు మాత్రం అమ్మమ్మ వాళ్లింట్లో ఉండిపోతుంది.

అందుకే జ్వరం ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. ఊరెళ్లాక వస్తే పగలు కూడా దోమతెరలోనే పడుకోండి, ఎందుకంటే ఈ దోమ పగలే కుడుతుంది. ఎక్కడి నుంచి వచ్చారో డాక్టర్‌కి చెప్పి, మొదటి ఐదు రోజుల్లోపే ఎన్‌ఎస్‌1 టెస్ట్ చేయించుకోండి. జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం కావొచ్చు. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి.

ఇంట్లో కూలర్, పూలకుండీ పళ్లెం, పాత టైర్లలో నీళ్లు వారానికోసారి పారబోయండి. గుడ్డు దోమ అవ్వడానికి వారం పది రోజులు చాలు.

దసరాకి టికెట్ బుక్ చేసుకున్న ఫ్రెండ్ ఉంటే ఈ వీడియో పంపండి. డౌట్స్ ఉంటే కామెంట్లలో అడగండి. ఉంటాను మరి!