మెతుకు ఒకటే... పేర్లెన్నో!

పొయ్యిమీద ఉన్నంతసేపూ అది అన్నమే. దేవుడి ముందు పెడితే నైవేద్యం. మన దోసిట్లో పడితే ప్రసాదం. తెలుగిళ్లలో పేర్లు ఇక్కడితో ఆగిపోతాయి. పూరీలో మాత్రం అసలు కథ ఇక్కణ్నుంచే మొదలవుతుంది!

శ్రీకాకుళం జిల్లా ముఖలింగం ప్రాంతం నుంచి కళింగాన్ని ఏలిన గంగరాజుల్లో అనంతవర్మ చోడగంగు ఒకడు. ఇప్పుడున్న జగన్నాథాలయ నిర్మాణాన్ని 12వ శతాబ్దంలో ప్రారంభించింది ఆయనే. ఆ ఆలయ వంటశాల పేరు రోసఘర. అక్కడ వందల పొయ్యిల మీద కట్టెల మంటతోనే వంట. వండేది మట్టికుండల్లోనే. బంగాళాదుంప, టమోటాలకు ప్రవేశం లేదు.

స్వామికి సమర్పించేది 'భోగ'. ఆయన ఆరగించినా వెంటనే పంచిపెట్టరు. అదే ప్రాంగణంలోని విమలాదేవికి మళ్లీ నివేదిస్తారు. ఆ తల్లి స్వీకరించాకే దానికి 'మహాప్రసాదం' అన్న పేరు. అన్నం, పప్పు, కూరలైతే 'సంకుడి'. పొడి మిఠాయిలైతే 'సుఖిలా'. ఒడియావాళ్లు ప్రేమగా పిలుచుకునే పేరేమో 'అభడా'.

ఎంగిలి లేదు!

మహాప్రసాదాన్ని అమ్మే చోటు ఆనందబజార్. అక్కడ అందరూ నేలమీదే కూర్చుంటారు. ఏ కులమని అడగరు. ఒకే ఆకులో నలుగురు తిన్నా ఎంగిలి అనరు. పక్కింటి మంచినీళ్లకు కూడా కులం అడ్డొచ్చిన రోజుల్లో ఇదెంత పెద్ద మాటో ఊహించుకోవచ్చు. గుడిలోకి హిందువులకే ప్రవేశం. మహాప్రసాదానికి ఆ గడప లేదు. బయటికి తెచ్చి ఎవరికైనా పెట్టొచ్చు.

మిగిలిన అన్నాన్ని ఎండబెడితే మరో పేరు... 'నిర్మాల్యం'. దాన్ని చిన్న గుడ్డసంచుల్లో కట్టి యాత్రికులు ఇంటికి తీసుకెళ్తారు. ఒడిశాలో పెళ్లి మాట ఖాయం చేసుకునేటప్పుడు అది చేతులు మారుతుంది. చివరి ఘడియల్లో ఉన్నవారి నోట్లో తులసితీర్థంతోపాటు ఆ మెతుకే వేస్తారు.

మనిషికీ అదే పేరు

ఒడిశా, ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఇంకో ఆచారం ఉంది. ఇద్దరు స్నేహితులు మహాప్రసాదం ఇచ్చిపుచ్చుకుని తింటే ఆ స్నేహం జీవితాంతం నిలవాల్సిందే. కులాలు వేరైనా సరే, కష్టంలోనూ శుభకార్యంలోనూ ఒకరికొకరు అయినవాళ్లే. ఇక ఆనాటినుంచీ ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకోరు. 'మహాప్రసాద్' అనే పిలుచుకుంటారు.

దేవుడు తిన్న అన్నం పేరే తోటి మనిషికి పెట్టుకున్నాక, వాళ్ల మధ్య మాట జారేందుకు చోటెక్కడుంటుంది?